కాళ్ల మీద గడ్డలు తగ్గడం లేదని వెళ్తే క్లోమంలో కణితి అన్నారు. ఎవరైనా ఇలాంటిది చూశారా?

కొబ్బరితోట
మా నాన్నగారికి 64 ఏళ్లు. కోనసీమలో కొబ్బరి సాగు. ఉగాది వెళ్లిన వారానికి ఎడమ పిక్క మీద ఒక గడ్డ లేచింది. ఎర్రగా, వేడిగా ఉంది, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. సెగ్గడ్డ అనుకున్నాం. పది రోజుల్లో రెండో కాలికీ వచ్చాయి, చీలమండలు వాచాయి. మా వైపు కాలు వాస్తే అందరి నోటా మొదట వచ్చే మాట బోదకాలు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగి 14 శాతం ఉండడంతో ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. మూడు వారాలు ఆ మాత్రలు మింగారు. తరువాత ఇంకొక చోట కీళ్లవాతం అన్నారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. నొప్పి నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది, చక్కెర మాత్రం 340కి ఎక్కింది.

ఈలోగా రెండు గడ్డలు వాటంతటవే పగిలాయి. చీము వస్తుందనుకుంటే గోధుమరంగులో, బాగా మరిగిన నూనెలాంటి జిడ్డు కారింది. పంచె మీద ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. కల్చర్ పరీక్షలో క్రిములేవీ లేవని వచ్చింది.

నాలుగో నెలలో ఒక చర్మవైద్యురాలు లోతుగా ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు చూసిన వెంటనే రక్తంలో లైపేజ్ అనే ఎంజైము ఎంతుందో చూడమన్నారు. 60 లోపు ఉండవలసినది 9,840 ఉంది. మర్నాడే సీటీ. క్లోమం తోకభాగంలో 6.8 సెంటీమీటర్ల కణితి, కాలేయంలో మూడు మచ్చలు. కడుపునొప్పి ఒక్కరోజు కూడా లేదు, కామెర్లు లేవు. బరువు మాత్రం ఏడు కిలోలు తగ్గారు, మేము అది మందుల వల్ల అనుకున్నాం.

కాలి పిక్కకూ క్లోమానికీ సంబంధం ఏమిటి? ఈ నాలుగు నెలలు మేమెక్కడ పొరపాటు చేశాం? ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఇక్కడ రాస్తున్నాను.

అమీర్‌పేట_అద్దెగది
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. క్లోమం క్యాన్సర్ అంటే కామెర్లు, వీపులోకి పాకే కడుపునొప్పి అనే ఇన్నాళ్లూ విన్నాను. కాళ్ల మీద గడ్డలా?

పాలమూరు_రవళి
మా అత్తగారికి ఇలాగే రెండు కాళ్లకూ ఎర్రటి గడ్డలు వచ్చాయి. అది క్షయకు శరీరం చూపించే ప్రతిచర్య అన్నారు, ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోయింది. మీ నాన్నగారి విషయంలో క్షయ కాదని నిర్ధారించారా? రెండో అభిప్రాయం తీసుకోకుండా క్యాన్సర్ అని ఖాయం చేసుకోకండి.

తెల్లకోటు
నేను చర్మవైద్యుడిని, ఉండేది హనుమకొండలో. రవళి గారి ప్రశ్న సరైనదే. మన దగ్గర కాళ్ల మీద నొప్పిగా ఉండే గడ్డలు వస్తే మేము మొదట ఆలోచించేవి ఎరిథీమా నోడోసమ్ (వేరే జబ్బుకు శరీరం ప్రతిచర్యగా చర్మం కింద లేచే ఎర్రటి గడ్డలు), క్షయకు సంబంధించినవి, కుష్ఠు చికిత్సలో ఉన్నవారికి వచ్చే రియాక్షన్. నూటికి తొంభై తొమ్మిది మంది ఆ దారిలోనే తేలతారు. కానీ కొబ్బరితోట గారు రాసినదాంట్లో మూడు విషయాలు వేరే కథ చెబుతున్నాయి. గడ్డ పగిలి నూనెలాంటి ద్రవం కారడం, అందులో క్రిములు లేకపోవడం, దానితోపాటు చీలమండలు వాయడం. ఎరిథీమా నోడోసమ్ పగలదు, పుండు పడదు. ఇక లైపేజ్ 9,840 ఉన్నాక క్షయ గురించి వాదించడానికి ఏమీ మిగల్లేదు.

దీన్ని పాంక్రియాటిక్ పానిక్యులైటిస్ అంటారు. చర్మం కింది కొవ్వు కరిగి వాచిపోవడం. 1883లో చియారి అనే వైద్యుడు మొదట రాసిపెట్టాడు. క్లోమం జబ్బులున్న వారందరినీ లెక్కలోకి తీసుకుంటే నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తుంది. క్యాన్సర్ ఉన్నవారిలో చాలామందికి కడుపులో ఏ బాధా తెలియకముందే, వారాలో నెలలో ముందుగా, కాళ్ల మీదే బయటపడుతుంది.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు: మీరు పొరపాటు చేయలేదు. ఇరవై రెండేళ్ల వృత్తిలో నేను దీన్ని రెండుసార్లే చూశాను. మొదటిసారి నేనూ వెంటనే గుర్తుపట్టలేదు, ఆరు వారాలు పోగొట్టాను. ఆ రోగి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

రసాయనం_మాస్టారు
పిక్కకూ క్లోమానికీ సంబంధం ఏమిటన్న అమ్మాయికి నాకు తెలిసినంత చెబుతాను. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు సబ్బు తయారీ పాఠం చెప్పినవాణ్ణి, ఇది అక్షరాలా ఆ పాఠమే.

కొవ్వు అంటే గ్లిజరాల్‌కు అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాలు. లైపేజ్ ఆ బంధాన్ని తెంపే ఎంజైము. క్లోమం దాన్ని తయారు చేసి గొట్టం ద్వారా పేగులోకి పంపుతుంది, మనం తిన్న నెయ్యి, నూనె అక్కడ అరుగుతాయి. దాని చోటు పేగు. దారితప్పి రక్తంలోకి వేలకొద్దీ యూనిట్లు చేరితే, తిన్న కొవ్వుకు బదులు ఒంట్లోని కొవ్వునే అరిగించడం మొదలుపెడుతుంది. మీ నాన్నగారి పంచె మీద పడిన మరక ఆయన సొంత కొవ్వు కరిగి కారినదే. విడుదలైన కొవ్వు ఆమ్లాలు అక్కడి కాల్షియంతో కలిసి సబ్బు కడతాయి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాకుండా తెల్లగా విరిగి బకెట్టు అంచుకు పట్టుకుంటుంది చూడండి, అది కూడా కాల్షియం సబ్బే.

కొబ్బరితోట
మాస్టారూ, రెండుసార్లు చదివాను. నాలుగు నెలల్లో మొదటిసారి ఎవరో నాకు అర్థమయ్యేలా చెప్పారు. బయాప్సీ రిపోర్టులో 'సపోనిఫికేషన్' అని ఉంది. అంటే ఇదేనా?

సూక్ష్మదర్శిని
అదే. సబ్బుగా మారడం. నేను పాథాలజిస్టును, ఇలాంటి స్లైడ్లు ఒకసారి చూస్తే మరిచిపోలేం.

చర్మం కింది కొవ్వును బత్తాయి పండులా ఊహించుకోండి. తొనలు, తొనల మధ్య పొరలు. ఎరిథీమా నోడోసమ్‌లో వాపు పొరల్లో ఉంటుంది. ఇందులో తొనలే కరుగుతాయి. కొవ్వు కణం లోపలి కేంద్రకం మాయమై, గోడ మాత్రం మందంగా, నీడలా నిలబడి ఉంటుంది. వాటిని ఘోస్ట్ సెల్స్ అంటాం. చుట్టూ కాల్షియం నీలిరంగు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. క్షయకు సంబంధించిన రకంలోనూ తొనలు దెబ్బతింటాయి, కానీ అక్కడ సాధారణంగా రక్తనాళాల గోడల్లో వాపు కూడా ఉంటుంది, ఇక్కడ ఉండదు. రవళి గారి సందేహం తీరిందనుకుంటాను.

ఒక్క మాట ఆ చర్మవైద్యురాలి గురించి. ఆమె ముక్కను *లోతుగా* తీశారు. పైపైన గోరంత చర్మం తీసి పంపితే అందులో కొవ్వే ఉండదు, మేము చూడగలిగింది ఏమీ ఉండదు. నాకు వారానికి రెండైనా అలాంటివి వస్తాయి. 'నిర్ధారించలేము' అని రాసి పంపడం తప్ప ఏం చేయగలను?

పాలమూరు_రవళి
తీరిందండీ. బత్తాయి పోలిక ఎప్పటికీ గుర్తుంటుంది. కొబ్బరితోట గారూ, నా మాటతో మిమ్మల్ని ఇంకా అయోమయంలో పడేసి ఉంటే మన్నించండి.

బొబ్బిలి_వీణ
ఇసినోఫిల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మన ఊళ్లలో ఇస్నోఫీలియా అంటే తుమ్ములు, దగ్గు, నులిపురుగులు. దానికీ దీనికీ సంబంధం ఉందా, లేక యాదృచ్ఛికమా?

తెల్లకోటు
ఉంది. కొవ్వు గడ్డలు, కీళ్ల వాపు, రక్తంలో ఇసినోఫిల్స్ పెరగడం, ఈ మూడూ కలిస్తే ష్మిడ్ త్రయం అని ఒక పేరే ఉంది. మూడూ కలిసి కనిపించినప్పుడు క్లోమంలో కణితి కోసం గట్టిగా వెతకాలి. విడివిడిగా చూస్తే మాత్రం ఏదీ క్లోమం వైపు వేలు చూపదు. పిక్క చర్మవైద్యుడికి, చీలమండ కీళ్ల వైద్యుడికి, ఇసినోఫిల్స్ జనరల్ ఫిజిషియన్‌కు చేరాయి. ముగ్గురూ ఒకే కాగితం మీద రాసి ఉంటే ఎంతో ముందు తెలిసేది.

పసుపుకొమ్ము
నాది కాస్త వేరే అనుభవం. మా తమ్ముడికి 2019లో కాళ్లకు ఇలాంటి గడ్డలే వచ్చాయి. లైపేజ్ రెండు వేల పైన ఉంది. మేమూ క్యాన్సర్ అనుకుని ఏడ్చాం. స్కాన్‌లో కణితి లేదు, మద్యం వల్ల వచ్చిన పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు. మానేశాడు, చికిత్సతో క్లోమం చల్లబడింది, గడ్డలు కూడా నల్లటి మచ్చలు మిగిల్చి పోయాయి. కాబట్టి ఈ గడ్డలు వచ్చిన ప్రతివారికీ క్యాన్సర్ అని ఎవరూ భయపడకండి.

రాగిసంగటి
ఈ చర్చ చదివి నిన్న పరుగున వెళ్లి లైపేజ్ పరీక్ష చేయించుకున్నాను. నాకు మోకాలి కింద ఏడాదిగా చిన్న మెత్తటి గడ్డ ఉంది, నొప్పి లేదు. లైపేజ్ 92 వచ్చింది, పక్కన ఎర్రరంగులో బాణం గుర్తు. రాత్రంతా నిద్ర లేదు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు.

తెల్లకోటు
రాగిసంగటి గారూ, ఊపిరి పీల్చుకోండి. ఏడాదిగా నొప్పి లేకుండా మెత్తగా ఉన్న ఒక్క గడ్డ చాలావరకు మామూలు కొవ్వు గడ్డే అయి ఉంటుంది. ఒకసారి ఎవరికైనా చూపించండి, అంతే. లైపేజ్ కాస్త పెరగడానికి మూత్రపిండాల జబ్బు దగ్గర నుంచి కొన్ని మందుల దాకా చాలా కారణాలున్నాయి. ఈ జబ్బులో అంకె తొంభైలలో ఉండదు, వేలల్లో ఉంటుంది.

అమీర్‌పేట_అద్దెగది
నేను ఒప్పుకోను డాక్టరు గారూ. కొన్ని వందల రూపాయల పరీక్ష. కాళ్ల మీద గడ్డలతో వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చేయిస్తే ఈ అమ్మాయి వాళ్ల నాన్నగారికి నాలుగు నెలలు మిగిలేవి కదా? పది మంది రాగిసంగటిలు ఒక రాత్రి భయపడినా, ఒక్క ప్రాణం ముందుగా దొరికితే చాలదా?

తెల్లకోటు
మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పది మందిలో ముగ్గురు సీటీకి వెళ్తారు, ఒకరికి స్కాన్‌లో పనికిమాలిన మచ్చ ఏదో కనబడి అది మరో పరీక్షకు దారితీస్తుంది. అందరికీ వద్దు. గడ్డ పగిలి జిడ్డు కారినా, కీళ్లు కలిసి వాచినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఆరు వారాల మందులకు లొంగకపోయినా ఆ రోజు లైపేజ్, లోతైన బయాప్సీ రెండూ అడగాలి. అడగకపోతే అది మా తప్పు, అందులో మీతో ఏకీభవిస్తాను.

అమీర్‌పేట_అద్దెగది
ఆరు వారాలన్నది నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తోంది. మిగతాది సరే.

ఆకుపసరు
ఎవరూ కోప్పడకండి. మా ఇంట్లో మూడు తరాలుగా జిల్లేడు ఆకుకు ఆముదం రాసి వెచ్చచేసి కడతాం. మా అమ్మ మోకాలి వాపు దానితోనే తగ్గింది. క్యాన్సర్‌కు వైద్యం వైద్యులే చేయాలి, కాదనను. కాలి బాధకైనా ఈ కట్టు వేసి చూడమని నా మాట.

గుండ్లకమ్మ
వద్దండీ, దయచేసి వద్దు. నేను నర్సును, పదకొండేళ్లుగా క్యాన్సర్ రోగుల పుండ్లకు కట్లు కడుతున్నాను. జిల్లేడు పాలు మామూలు చర్మాన్నే బొబ్బలెక్కిస్తాయి. ఇక్కడ లోపలి కొవ్వు చచ్చిపోయి చర్మం కాగితంలా పలచబడి ఉంది. కీమో మొదలైతే తెల్లకణాలు కూడా పడిపోతాయి. అలాంటి చోట పసరు, పసుపు, బూడిద ఏది పెట్టినా క్రిములకు తలుపు తెరిచినట్టే. మీ అమ్మగారి మోకాలికి చర్మం గట్టిగా ఉంది కాబట్టి సరిపోయింది.

ఆకుపసరు
పుండు ఉందన్న సంగతి నేను సరిగా పట్టించుకోలేదు. పగిలిన చోట మేమూ పెట్టం. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు
చర్చ మర్యాదగా సాగుతోంది, సంతోషం. ఒక్క మనవి: ఆలస్యం చేసిన ఆసుపత్రుల, వైద్యుల పేర్లు ఇక్కడ రాయవద్దు. రోగి రిపోర్టుల ఫోటోలు పెట్టేటప్పుడు పేరు చెరిపేయండి.

కొబ్బరితోట
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కాలేయంలోని మచ్చ నుంచి సూదితో ముక్క తీశారు. ఎసినార్ సెల్ కార్సినోమా అని వచ్చింది. ట్రిప్సిన్ పాజిటివ్, బీసీఎల్10 పాజిటివ్ అని రాసి ఉంది. క్లోమం క్యాన్సర్‌కు రక్తంలో చూసే సీఏ 19-9 మామూలుగానే ఉంది. 'ఇది మామూలు క్లోమం క్యాన్సర్ కాదు, అరుదైనది' అన్నారు ఆంకాలజిస్టు. అరుదైనది అనగానే నా కాళ్ల కింద నేల జారింది, ఆయనేమో అది కాస్త మంచి వార్త అన్నట్టు మాట్లాడారు. ఎలా అర్థం చేసుకోవాలి?

సూక్ష్మదర్శిని
ఆయన చెప్పింది నిజమే. క్లోమంలో ఎక్కువ భాగం ఎంజైములు తయారు చేసే ఎసినార్ కణాలే. అయినా క్లోమం క్యాన్సర్లలో దాదాపు తొంభై శాతం గొట్టాల కణాల నుంచి పుడతాయి. ఎసినార్ కణాల నుంచి వచ్చేది పెద్దవాళ్లలో నూటికి ఒకటి రెండు. కణితి అయిపోయినా ఈ కణాలు తమ పని మరిచిపోవు, ఎంజైములు తయారు చేస్తూనే ఉంటాయి. ఆ ట్రిప్సిన్ పాజిటివ్ అన్న మాటకు అర్థం అదే. లైపేజ్ రక్తంలోకి పొర్లడానికి కారణమూ అదే. అలా పొర్లి కొవ్వును దెబ్బతీయడం ఈ రకం రోగుల్లో కూడా అందరికీ జరగదు, సుమారు పది, పదిహేను శాతం మందికి జరుగుతుంది.

గొట్టాల క్యాన్సర్‌తో పోలిస్తే దీనికి చికిత్సా ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. కాలేయానికి పాకింది కాబట్టి తేలిక అని చెప్పను. కానీ చేయడానికి ఏమీ లేదన్న స్థితి కాదు.

డాలస్_తెలుగమ్మాయి
ఈ పేరు తెలుగులో రాసి ఉండగా చూస్తానని అనుకోలేదు. మా వారికి 2020లో ఇదే ఎసినార్ సెల్. ఆయనకు కాళ్ల గడ్డలు రాలేదు, వేరే కారణంతో చేసిన స్కాన్‌లో బయటపడింది. తోక భాగమే. కోసి తీసేశారు, రెండేళ్లకు కాలేయంలో మళ్లీ వచ్చింది. ఫోల్ఫిరినాక్స్ అనే కీమో ఇచ్చారు, మచ్చలు సగానికి పైగా తగ్గాయి. జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. అందుకని కీమో ఆపాక ఓలాపరిబ్ మాత్రలు ఇచ్చారు, ఇప్పటికీ వాడుతున్నారు. నిన్న పెరట్లో మెంతికూర మడి తవ్వారు.

అమ్మా, జన్యుపరీక్ష అడగడం మరిచిపోకండి. కణితికీ, రక్తానికీ రెండిటికీ. ఈ రకంలో బీఆర్‌సీఏ2 మార్పులు కొందరిలో, బీఆర్ఏఎఫ్ లాంటి జన్యువు వేరే జన్యువుతో అతుక్కుపోవడం మరికొందరిలో దొరుకుతాయి. దొరికితే మందుల దారి మారుతుంది. ఇంకొకటి. నాన్నగారి రక్తంలోనే ఆ మార్పు ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికి సగం అవకాశం ఉంది. ఆడపిల్లలకు రొమ్ము, అండాశయాల జాగ్రత్త అవసరం. ఈ మాట మాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. మా ఆడపడుచు పరీక్ష చేయించుకుని ఇప్పుడు క్రమం తప్పకుండా చూపించుకుంటోంది.

కొబ్బరితోట
మెంతికూర మడి అన్న చోట ఏడ్చేశాను. రేపే అడుగుతాను. మేమిద్దరం అక్కచెల్లెళ్లం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నాన్నకు అసలు విషయం చెప్పలేదు. 'కడుపులో పుండు, సెలైన్‌లో మందు ఎక్కిస్తారు' అన్నాం. అమ్మ చెప్పనివ్వడం లేదు.

పసుపుకొమ్ము
చెప్పకపోవడమే మంచిది. మా పెదనాన్నకు చెప్పిన రోజు నుంచి అన్నం మానేశారు. ధైర్యమే సగం బలం.

గుండ్లకమ్మ
పసుపుకొమ్ము గారూ, నేను రోజూ చూసేది వేరు. రోగికి తెలియదని ఇంటివాళ్లు అనుకుంటారు. ఇంటివాళ్లు బాధపడతారని రోగి తెలియనట్టు ఉంటాడు. ఒకే గదిలో అందరూ ఒంటరిగా ఏడుస్తుంటారు. కీమోకు ఒప్పుకుని సంతకం పెట్టవలసింది ఆయన. ఒకేసారి అంతా కుమ్మరించనవసరం లేదు. 'మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?' అని అడిగి చూడండి.

పసుపుకొమ్ము
మనుషులందరూ ఒకలా ఉండరు కదా. మా పెదనాన్న అడగలేదు, మేమే చెప్పాం. అదే పొరపాటేమో.

బొబ్బిలి_వీణ
ఆహారం సంగతి అడగాలని ఉంది. కొవ్వు కరిగే జబ్బు కాబట్టి నెయ్యి, కొబ్బరి మానేయాలా? కోనసీమ మనిషి కొబ్బరి లేకుండా ఎలా తింటారు పాపం!

తెల్లకోటు
తిన్న నెయ్యి పిక్కలోకి వెళ్లి గడ్డ కట్టదు. కరుగుతున్నది ముందు నుంచీ ఒంట్లో ఉన్న కొవ్వు. ఏడు కిలోలు తగ్గిన మనిషికి పథ్యం పేరుతో చారు మెతుకులు పెట్టి ఇంకా చిక్కిపోయేలా చేయకండి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు పెట్టండి. మలం జిడ్డుగా, తేలుతూ వెళ్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, ఎంజైము క్యాప్సూల్స్ ఇస్తారు. 'రక్తంలో లైపేజ్ ఇంత ఉంటే మళ్లీ లైపేజ్ మాత్రలా' అని ఒకరు నన్ను నిలదీశారు. అవి పేగులోనే పనిచేస్తాయి, రక్తంలోకి చేరి గడ్డలు పెంచవు.

రాగిసంగటి
నాది మామూలు కొవ్వు గడ్డేనని చెప్పారు. తీయనవసరం కూడా లేదట. మీ అందరికీ చెప్పాలనిపించింది. కొబ్బరితోట గారూ, మీ నాన్నగారి కోసం రోజూ దీపం పెడుతున్నాను.

అమీర్‌పేట_అద్దెగది
ఖర్చు సంగతి ఏమైంది? నేను కాకినాడ వాడినే, ఏదైనా తిరగవలసిన పని ఉంటే చెప్పండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కీమోకు వీలుంటుంది, కార్డు ముందే చూసుకోండి. మీకు దగ్గరలో అంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

కొబ్బరితోట
రెండు నెలలైంది. మీ అందరికీ బాకీ ఉన్నాను, వివరంగా రాస్తాను.

ఫోల్ఫిరినాక్స్ రెండు వారాలకొకసారి, ఇప్పటికి నాలుగు అయ్యాయి. వయసు చూసి మోతాదు కాస్త తగ్గించి మొదలుపెట్టారు. చివరి మందు 46 గంటలు చిన్న పంపుతో ఇంటి దగ్గరే ఎక్కుతుంది. మొదటి రెండుసార్లూ విరేచనాలతో నీరసించిపోయారు. చల్లటిది తాకితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అందులోని ఆగ్జాలిప్లాటిన్ అనే మందు వల్లనట. బావి నీళ్లతో స్నానం మానిపించాం, కొబ్బరినీళ్లు కూడా గోరువెచ్చగా అయ్యాకే.

లైపేజ్ 9,840 నుంచి మొదట 6,100, తర్వాత 2,350, మొన్న 870. అంకె పడుతున్నకొద్దీ కాళ్లు కళ్లముందే మారాయి. కొత్త గడ్డలు ఆగిపోయాయి. స్టెరాయిడ్లకు, నొప్పి మాత్రలకు లొంగని చీలమండలు ఇప్పుడు సన్నబడ్డాయి. పగిలిన రెండింటిలో ఒకటి మూసుకుంది. ఇప్పుడు నాకు లైపేజ్ కాగితం చూడనక్కర్లేదు, పొద్దున్నే నాన్న మంచం దిగే తీరు చూస్తే చాలు, ఎంత ఉందో చెప్పగలను. స్కాన్ వచ్చే నెల.

జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ2 మార్పు లేదు. అక్కకూ నాకూ ఊరట, నాన్నకు ఆ మాత్రల దారి లేదని దిగులు, రెండూ ఒకేసారి.

ఇక చెప్పడం సంగతి. మేము చెప్పలేదు. రెండో కీమోకు వెళ్లిన రోజు వార్డు తలుపు మీది బోర్డు పైకే చదివారు. తిరుగు ప్రయాణంలో కారులో అన్నారు, 'క్లోమమా, కాలేయమా? ఎక్కడ మొదలైంది?' అని. అమ్మ బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను అన్నీ చెప్పాను. మాస్టారి సబ్బు పాఠం కూడా చెప్పాను. చాలాసేపు విని, 'అయితే ఇన్నాళ్లూ నా నూనె నేనే ఆడుకున్నానన్నమాట, గానుగ అవసరం లేకుండా' అని నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఎన్ని నెలలైందో తను నవ్వి.

రసాయనం_మాస్టారు
మీ నాన్నగారితో ఒక్కసారి మాట్లాడాలని ఉంది తల్లీ. అంత బాగా పాఠం అందుకున్న విద్యార్థి నాకు బడిలో దొరకలేదు.

డాలస్_తెలుగమ్మాయి
870! మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా వారు 'స్కాన్ రోజు మనం కూడా మేలుకుని ఉందాం' అన్నారు.

తెల్లకోటు
కణితి తగ్గుతోందనడానికి ఆ కాళ్లే సాక్ష్యం. అయినా స్కాన్ వచ్చేదాకా ఆగుదాం. లైపేజ్ మళ్లీ పైకి వెళ్తే, కొత్త గడ్డ ఒక్కటి లేచినా, తేదీ కోసం చూడకుండా వెంటనే ఆంకాలజిస్టుకు ఫోను చేయండి.

పసుపుకొమ్ము
చెప్పకపోవడమే మంచిదని రాశాను. మీ నాన్నగారి కారు ప్రయాణం చదివాక ఆలోచనలో పడ్డాను.

కొబ్బరితోట
గుండ్లకమ్మ గారూ, మీతో ఒక పని ఉంది. మిగిలిన ఆ ఒక్క పుండు దగ్గర కట్టు ఊడదీసేటప్పుడు గుడ్డ అంటుకుపోయి రక్తం వస్తోంది. పైగా గురువారం కొబ్బరికాయల దింపు ఉంది. కాయ లెక్క తనే చూసుకుంటానని పట్టుబడుతున్నారు. తోటలోకి ఆయన ఎప్పుడూ ఒట్టికాళ్లతోనే వెళ్తారు.

గుండ్లకమ్మ
పొడి గుడ్డ నేరుగా పుండు మీద పెట్టకండి. పారఫిన్ పూసిన గాజ్ గుడ్డ మందుల దుకాణంలో దొరుకుతుంది, అది కింద, దానిపైన పీల్చుకునే దూది ప్యాడ్. విప్పేముందు సెలైన్ నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి, దానంతటదే వదులుతుంది. చుట్టూ చర్మానికి పలచగా వాజిలిన్ రాయండి, జిడ్డు కారినా ఒరుసుకుపోదు. కూర్చున్నప్పుడల్లా కాలు స్టూలు మీద ఎత్తి పెట్టాలి.

ఒట్టికాళ్లు మాత్రం వద్దే వద్దు. ఆ తిమ్మిరి పాదాల్లో కూడా ఉంటుంది, ముల్లు దిగినా తెలియదు. ఒక సైజు పెద్దవి, పట్టీ అంటించుకునే రకం చెప్పులు కొనండి. తోటలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, చెట్ల కింద కాకుండా దూరంగా.

కొబ్బరితోట
చెప్పులు రేపు కాకినాడలో కొంటాను. కుర్చీ గట్టు మీద వేస్తాం, అక్కడి నుంచి రాశి మొత్తం కనిపిస్తుంది.

అమీర్‌పేట_అద్దెగది
రేపు నేనూ కాకినాడలోనే ఉంటాను. నాన్నగారి పాదం కొలత కాగితం మీద గీసి తెచ్చుకోండి.